కొవ్వు నిలిపే ఊపిరి

కొవ్వు అనగానే చూపు నడుము మీదికో, రక్తపరీక్ష కాగితం మీదికో పోతుంది. ఆ చూపు మరీ ఇరుకైనదని నమ్మే ఈ సంచికను లిపిడ్లకు కేటాయించాం.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను చూడండి. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకలు లోపలికి లాక్కుపోతాయి, ముక్కుపుటాలు ఎగిరిపడతాయి. ఊపిరితిత్తుల్లోని గాలిగదుల గోడలకు సన్నటి నీటిపొర ఉంటుంది. దాని తలతన్యత ఆ గదులను ముడిచేయబోతుంది. ఆ లాగుడును తగ్గించేది సర్ఫాక్టెంట్. అందులో దాదాపు 90 శాతం లిపిడ్లే, ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్లు. ఒక్కో అణువుకూ నీటిని కోరే తల ఒకటి, నీటికి దూరం జరిగే కొవ్వు ఆమ్లాల తోకలు రెండు. తల నీటిలో మునిగితే తోకలు గాలివైపు నిలుస్తాయి.

ఈ బిడ్డల్లో సర్ఫాక్టెంట్ కొరవడిందని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, తన సహచరుడు మీడ్‌తో కలిసి చూపారు. 1980లో జపాన్‌లో ఫుజివారా బృందం ఆవు ఊపిరితిత్తుల నుంచి తయారుచేసిన సర్ఫాక్టెంట్‌ను పసికందులకిచ్చి ఫలితం సాధించింది. ఎంత గొప్ప పని!

ఫాస్ఫోలిపిడ్లే తోకలు లోపలికి పెట్టి రెండు వరుసలు కడితే కణత్వచం అవుతుంది. దాని గురించి లోపలి పేజీల్లో వివరంగా ఉంది. కొలెస్టరాల్ వ్యాసాన్ని మాత్రం తీరిగ్గా చదవమని నా మనవి. మన పైత్యరస ఆమ్లాలూ, స్టెరాయిడ్ హార్మోన్లూ దాన్నుంచే తయారవుతాయి.