తుక్కులో ముక్క... బండికి ఊపిరి!

మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. అదే ఏడాది మే నెలలో అంబాసిడర్ కూడా సెలవు తీసుకుంది. కంపెనీలు చేతులెత్తేసినా ఆ కార్లను నమ్ముకున్నవాళ్లు మాత్రం వదల్లేదు. తలుపు సొట్టపోయినా, గేరు బాక్సు మొరాయించినా కొత్త సామాను కోసం తిరిగి తిరిగి చివరికి చేరేది ఒక్కచోటికే... పాత సామాను దుకాణానికి!

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ఓ చుట్టు తిరిగితే చాలు. ఒకపక్క కొత్త లారీలకు బాడీలు కడుతుంటారు. మరోపక్క ఆయువు తీరిన లారీలను విప్పుతుంటారు. ఇరుసులు ఓచోట, గేరు బాక్సులు ఇంకోచోట, రేడియేటర్లు మరోచోట గుట్టలుగా కనిపిస్తాయి. చెన్నైలో పుదుపేట, ఢిల్లీలో మాయాపురి కూడా ఈ వ్యాపారానికి పేరుపడ్డవే. బండి ఆగిన రోజున సంపాదనా ఆగిపోయే ఆటో డ్రైవరుకు, నెల తిరిగేసరికి కిస్తీ కట్టాల్సిన లారీ యజమానికి ఇక్కడ సగం ధరకు దొరికే ముక్క పెద్ద ఆసరా. కాకపోతే ఏది కొనాలో, ఏది కొనకూడదో తెలిసుండాలి.

ఇవి నిక్షేపంగా...

తలుపులు, బానెట్లు, బంపర్లు, అద్దాలు, సీట్లు, దీపాల వంటివి పాతవి తీసుకున్నా ఫర్వాలేదు. తలుపు కొనేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం ఉంటే మేలు. రేకు మీద టకీమని అతుక్కోవాలి. అతుక్కోకుండా జారిపోతోందంటే అక్కడ రంగు కింద పుట్టీ దట్టించారన్నమాట.

స్టార్టర్ మోటారును బ్యాటరీకి తగిలించి తిప్పించి చూడాలి. ఆల్టర్నేటర్‌ను చేత్తో తిప్పితే గరగర శబ్దం రాకూడదు. గేరు బాక్సు అయితే కింద ఆయిల్ వదిలే బోల్టు విప్పించండి. నూనెలో సన్నటి పొడి కొంత ఉండటం మామూలే. ఇనుప పెళుసులు తగిలితే మాత్రం లోపల పళ్లు అరిగి విరుగుతున్నట్టే. ఇంజిన్ ఆయిల్ మూత కింద తెల్లటి మీగడలాంటిది పేరుకుందా? ఆయిల్‌లో నీళ్లు కలుస్తున్నాయేమోనని అనుమానించాల్సిందే. అలాంటిది ఎంత చౌకగా ఇచ్చినా ముట్టుకోకపోవడమే మంచిది.

ఇవి వద్దే వద్దు!

బ్రేకు షూలు, ప్యాడ్లు, బ్రేకు గొట్టాలు, స్టీరింగ్ జాయింట్లు... వీటి దగ్గర పొదుపు పనికిరాదు. రబ్బరు పైకి నల్లగా నిగనిగలాడుతున్నా లోపల పగిలి ఉండొచ్చు. సీటుబెల్టు ఒకసారి ప్రమాదంలో మనిషిని పట్టి ఆపిందంటే దాని పట్టీ సాగిపోయి ఉంటుంది. రెండోసారి అంతే గట్టిగా ఆపుతుందన్న నమ్మకం లేదు. ఎయిర్‌బ్యాగు ఒక్కసారి విచ్చుకుంటే దాని పని అయిపోయినట్టే. అటువంటిదాన్ని మడిచి, కవరు కుట్టి పెట్టేస్తే చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. అసలు సంగతి బయటపడేది బండి గుద్దుకున్న రోజునే!

టైరు తప్పనిసరై పాతది కొంటే పక్కగోడ మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాళ్లు ఎంత లోతుగా ఉన్నా ఏళ్లు గడిచిన రబ్బరు గట్టిపడి బీటలు వారుతుంది.

వరద బండి వాసన

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో కాలనీలకు కాలనీలే మునిగిపోయాయి. ఇళ్ల ముందున్న ఎన్నో బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. అలా మునిగిన బండి తలుపు, చక్రం పనికిరావచ్చు. వైరింగ్, సెన్సార్లు, ఈసీయూల సంగతి వేరు. ఇవాళ పనిచేసిన కనెక్టరు ఆరు నెలలకు పచ్చటి చిలుం పట్టి మొండికేస్తుంది. అందుకే సామానుతోపాటు అది వచ్చిన బండినీ చూపించమనాలి. సీటుబెల్టును చివరిదాకా లాగితే బురద చార కనిపిస్తుంది. కార్పెట్ ఎత్తితే ముక్కవాసన వస్తుంది.

నంబరే సాక్షి

అన్నింటికన్నా పెద్ద చిక్కు దొంగ సామానుతో. ఇంజిన్ మీది నంబరు గీసేసినట్టున్నా, చుట్టూ రేకు తోమినట్టున్నా అక్కడి నుంచి వచ్చేయడమే. దొంగసొత్తని తెలిసీ, లేదా అలా అనుకోవడానికి తగిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల వరకూ జైలుశిక్ష పడొచ్చు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బిల్లు అడగండి. ఇంజిన్ కొంటే దాని నంబరు బిల్లుమీద రాయించుకోండి. ఆ ఇంజిన్ ఏ బండిదో, ఆ బండి ఆర్‌సీ నకలూ తీసుకోండి. బిగించాక రవాణా శాఖకు తెలిపి మీ ఆర్‌సీలో నంబరు మార్పించుకోవాలి. లేదంటే తనిఖీలోనో, బీమా క్లెయిము దగ్గరో బుక్కవుతారు.

అమ్మేవారూ జాగ్రత్త!

పాత బండిని తూకానికి వేసేసి, చేతికొచ్చిన డబ్బు లెక్కపెట్టుకుని ఇంటికెళ్లిపోయేవాళ్లు చాలామందే. బండి మాయమవుతుంది, కాగితాల్లో మాత్రం బతికే ఉంటుంది! దాని ఛాసిస్ నంబరును ఎవరో దొంగబండికి అతికిస్తే పోలీసులు ముందు తలుపుతట్టేది పాత యజమానిదే. మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం బండి శాశ్వతంగా పనికిరాకుండా పోతే యజమాని పద్నాలుగు రోజుల్లోగా, లేదా వీలైనంత త్వరగా రిజిస్ట్రేషన్ అధికారికి తెలియజేసి ఆర్‌సీ అప్పగించాలి.

2021లో వచ్చిన నిబంధనలతో నమోదిత తుక్కు కేంద్రాలు మొదలయ్యాయి. బండి దొంగిలించిందేమో అక్కడ ముందుగా రికార్డుల్లో చూస్తారు. అప్పగించినందుకు ఓ ధ్రువపత్రం, తుక్కు చేశాక మరొకటి ఇస్తారు. వీధి చివరి కొట్టువాడు కిలోకు రూపాయో రెండో ఎక్కువే ఇవ్వొచ్చు. ఆ కాగితాలను మాత్రం ఇవ్వలేడు. ఏళ్ల తరబడి ఇంటిల్లిపాదినీ మోసిన బండిని సాగనంపేటప్పుడు ఆ కాగితాలు పుచ్చుకునే ఇంటికి రండి.