స్వస్థత ప్రార్థన తర్వాత వడ్డించేదేమిటి?

ఆదివారం ఆరాధన ముగింపులో ప్రార్థన అవసరతలు చెప్పమంటే ఒకప్పుడు పిల్లల చదువులు, ఉద్యోగాలు, వానలు, పంటలు వినిపించేవి. ఇప్పుడు ఎక్కువగా వినిపించేవి బీపీ, షుగరు, మోకాళ్ల నొప్పులు. సేవకులం, సంఘ పెద్దలం కలిసి వారి తలలపై చేతులుంచి భారంతో ప్రార్థిస్తాం. అరగంట తర్వాత ప్రేమవిందులో అవే చేతులతో వారి విస్తట్లో బిర్యానీ, అప్పడాలు, ఊరగాయ, రెండు లడ్డూలు వడ్డిస్తాం. వద్దన్నవారిని కూడా ‘ఒక్కరోజుకేం కాదులే అన్నా’ అని బలవంతపెడతాం. దేవుణ్ణి స్వస్థత అడిగి, రోగానికి మనమే భోజనం పెడుతున్నామన్నమాట!

ఏలీయా ప్రవక్తను జ్ఞాపకం చేసుకుందాం. యెజెబెలుకు భయపడి అరణ్యంలోకి పారిపోయిన ఆయన బదరీవృక్షం కింద కూలబడి చావు కోరుకున్నాడు. అంతగా కృంగిన తన సేవకుని దగ్గరికి దేవుడు ముందు బోధను పంపలేదు, గద్దింపునూ పంపలేదు. దూత వచ్చి, నిద్రపోతున్న ఆయనను తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన అప్పం, నీళ్లబుడ్డి చూపించి భోజనం చేయమన్నాడు. తిని మళ్లీ పడుకుంటే రెండోసారి లేపాడు. ఆ బలంతో ఆయన నలభై రోజులు నడిచి హోరేబు చేరాడు. దేవుని స్వరం విన్నది ఆ తర్వాతే. నిద్ర, రొట్టె, నీళ్లు, నడక ఆత్మీయ జీవితానికి సంబంధం లేనివని మనం అనుకుంటున్నాం గాని, దేవుడలా అనుకోలేదు.

ఇందుకోసం ఖరీదైన పండ్లు, పొడులు కొననక్కర్లేదు. రాయలసీమ రాగి సంగటి, తెలంగాణ జొన్నరొట్టె మన అవ్వలు తిన్నవే. తెల్లన్నం గొప్పింటి గుర్తు అయ్యాక వాటిని పేదల తిండి అని పక్కన పెట్టేశాం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక మళ్లీ వాటి విలువ గుర్తొచ్చింది. అయితే రాగులైనా జొన్నలైనా పిండి పదార్థమే గనుక షుగరున్నవారికి మితం తప్పదు. కంచంలో అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, కూరగాయలు పెంచడం అందరికీ మేలు. పెద్దలకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే దాదాపు ఒక చెంచాడు. ఊరగాయ, అప్పడం, చిప్స్‌లలోని ఉప్పు కూడా ఆ లెక్కలోదే. వారానికి ఐదు రోజులు అరగంట చొప్పున చురుగ్గా నడవాలి. నాలుగు వీధుల అవతల ఉన్న చర్చికి బైకు తీయకుండా నడిచి వస్తే అదీ లెక్కకొస్తుంది.

మందుల సంగతి కూడా చెప్పాలి. ప్రార్థన చేయించుకున్నాక విశ్వాసం పేరుతో షుగరు మాత్రలు మానేసి, కాలి పుండు ముదిరి వేలు పోగొట్టుకున్న సహోదరుణ్ణి మేమెరుగుదుం. ఆయన మాత్రలు మానేసిన రోజున మేము సాక్ష్యం చెప్పించామే గాని, డాక్టరును అడిగావా అని అడగలేదు. అది మా తప్పు. సువార్త రాసిన లూకా వైద్యుడే. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు. ఇన్సులిన్ తీసుకునేవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరుతో మాట్లాడటమూ అవిశ్వాసం కాదు. అన్నీ పాటించినా జబ్బు పడేవారుంటారు. అది వారి పాపమని తీర్పు తీర్చే హక్కు మనకు లేదు.

మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని పౌలు భక్తుడు కొరింథీ సంఘానికి రాశాడు. మందిరానికి సున్నం వేయించడానికి చందాలు పోగుచేస్తాం, పైకప్పు కారితే నిద్రపోం. మరి ఈ ఆలయం మాటేమిటి? వచ్చే ప్రేమవిందులో ఒక్క లడ్డూ తగ్గించి, ఒక ఆకుకూర పప్పు చేర్చుదాం. కూల్‌డ్రింకు బదులు ఉప్పు తక్కువేసిన మజ్జిగ పోద్దాం. వద్దన్నవారిని బలవంతపెట్టకుండా ఉందాం. స్వస్థత కోసం చేసిన ప్రార్థనకు అప్పుడే మనం నిజంగా ‘ఆమేన్’ అన్నట్టు!