సున్నపు నేలకు మళ్లీ సున్నమా?

వేరుశనగ ఆకు పసుపు రంగుకు తిరగ్గానే రైతు దుకాణానికి పరుగెడతాడు. 'కాల్షియం లోపం' అని చెప్పి ఓ పొడి సంచీ అంటగడతారు. తీరా చూస్తే ఆ చేలోనే సున్నపు గడ్డలు తెల్లగా కనబడుతుంటాయి!

పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయి, నత్తగుల్ల, కోడిగుడ్డు పెంకు, చేలో సున్నపు గడ్డ... చూపుకి వేరైనా అన్నిట్లో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేటే. గుడ్ల కోళ్లకు అది మేత. ఆమ్ల నేలలకు మందు. సున్నం ఎక్కువున్న నేలకు మాత్రం చేటే. అక్కడ నేలలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. ముందుగా లేత ఆకులే పాలిపోతాయి. అప్పుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేయాలి. ఖర్చు కొద్దిదే.

ఊడలు దిగేటప్పుడు వేసే జిప్సం సంగతి వేరు. అది కాల్షియం సల్ఫేట్. దాన్ని మానొద్దు.

అనుమానముంటే గడ్డను నలిపి నిమ్మరసం పిండండి. బుసబుసా పొంగితే సున్నమున్నట్టే.

2015లో వచ్చిన భూసార పత్రాల్లో 12 అంశాలున్నాయి. ఉదజని సూచిక ఉంది గానీ, సున్నం శాతం లేదు. సున్నపు నేలలున్న మండలాల్లోనైనా ఆ ఒక్క గడి చేర్చాలి. అందాకా సంచీ కొనేముందు రైతులు తమ నేలను తామే అడిగి చూసుకోవాలి.