చవుక పునాది

ఇల్లు గట్టువాడు గోడల సొగసుకన్న ముందు నేల గట్టిదనము చూచును. హాజరు, మార్కులు, ఫీజుల లెక్కలకై పాఠశాలలు వెబ్ అప్లికేషనులు సిద్ధపరచుకొనుచున్న ఈ దినములలో, వానిని ఏ హోస్టింగు సంస్థ కంప్యూటర్లపై నిలుపవలెనను ప్రశ్నయు అట్టిదే.

ఉచితముగా నిచ్చువారు కలరుగదా యని పెక్కండ్రందురు. హెరోకూ సంస్థ తన ఉచిత సేవను 2022 నవంబరులో మానివేసెను. దానిని నమ్ముకొన్నవారు సొమ్ము చెల్లింపవలెను, లేదా వేరొక చోటు వెదకుకొనవలెను. దగ్గర నున్నదే మేలని మరికొందరందురు. ఆ నెలలోనే అమెజాను సంస్థ మన హైదరాబాదునందు తన కేంద్రములను తెరచెను. కొత్తపేటనుండి చూచు తలిదండ్రులకు పుట త్వరగా తెరచుకొనుట మంచిదే. కాని సామీప్యమే రక్షణ కాదు. 2021 మార్చి 10వ తేదీన ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గునందు ఓవీహెచ్ సంస్థ భవనమొకటి కాలిపోగా, వేరొకచోట ప్రతి నుంచుకొననివారు కొందరు తమ సమాచారమును శాశ్వతముగా పోగొట్టుకొనిరి.

కావున ధరకన్న ముందు రెండు సంగతులు అడుగవలెనని నా అభిప్రాయము. మన లెక్కల ప్రతి ప్రతిదినము వేరొక ఊరిలో భద్రపడునా? సేవను విడుచునాడు అంతయు మన చేతికి తిరిగి వచ్చునా? బిడ్డల వివరములు మనకు అప్పగింపబడిన సొత్తు. ఇసుకమీది యిల్లు చవుకగానే లేచును. కాని వాన వచ్చునంతవరకే నిలుచును.