సాగనంపే బట్టలు, దిగే బట్టలు

మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే శంషాబాద్ మీదుగానూ పోతుంది. ఒకటి హైదరాబాద్‌కు ఉత్తరం కొస, విమానాశ్రయమున్న ఇంకొకటి దక్షిణం కొస. నడుమ ట్రాఫిక్‌లో పడలేక జనం ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కుతారు. 158 కిలోమీటర్ల ఆ చుట్టులో మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకు విమానాశ్రయం దాదాపు ఎదురుగా పడుతుంది. పటాన్‌చెరు వైపు తిరిగినా, ఘట్‌కేసర్ వైపు తిరిగినా సగం చుట్టు తప్పదు. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు తరలినప్పటి నుంచీ ఈ దూరం తప్పడం లేదు. విదేశీ ప్రయాణమైతే మూడు గంటల ముందే చేరాలి. అంటే సీట్లో కూర్చునేసరికే ఒంటిమీది బట్టలు నాలుగైదు గంటలు నలిగి ఉంటాయి. ఆపైన దోహాకో దుబాయ్‌కో నాలుగు గంటలు, అక్కడ పడిగాపులు, మళ్లీ అమెరికా దాకా పద్నాలుగు పదిహేను గంటలు. ఇంత దూరం పోయే మనిషి బట్టలను మనం మాత్రం డిపార్చర్ గేటు ముందు తీసే ఫొటోకు సరిపోయేలా ఎంచుతున్నాం. మర్నాడు అవతల దిగే మనిషి ఒంటికి నప్పేలా ఎంచితే సుఖం, సోకు రెండూ దక్కుతాయి.

చదువుకు పోయే కుర్రాడిని చూడండి. ఒంటికి అతుక్కున్న కొత్త జీన్స్, పెట్టెలోంచి అప్పుడే తీసిన బూట్లు, బిగించిన బెల్టు. పార్కింగ్‌లో కారు డిక్కీ తెరిచి అమ్మ తినిపించిన పులిహోర, పెరుగన్నం కడుపులో ఉన్నాయి. విమానం పైకి లేచాక క్యాబిన్‌లో గాలి ఒత్తిడి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది. ఎనిమిది వేల దగ్గర కడుపులోని గ్యాసు మూడో వంతు ఉబ్బుతుంది. ఇంట్లో సరిపోయిన బెల్టు అప్పుడు కోస్తుంది. కదలక కూర్చుంటే పాదాలు వాస్తాయి, విప్పిన కొత్త బూటు మళ్లీ ఎక్కదు. నాలుగు గంటలు దాటిన ప్రయాణంలో సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో చెప్పింది. అప్పుడైనా దాదాపు ఆరు వేల మందిలో ఒకరికే కాబట్టి హడలిపోనక్కర్లేదు, జీన్స్ మీద నేరం మోపనూ అక్కర్లేదు. అసలు కారణం కదలకపోవడం. మోకాలు వంచనివ్వని బట్ట దానికి తోడవుతుంది, అంతే. ఎగిరేవాళ్ల బట్ట ఎలా ఉండాలో తెలుసుకోవడానికి మేడ్చల్ వాళ్లు దూరం పోనక్కర్లేదు, పక్కనే దుండిగల్‌లో ఎయిర్ ఫోర్స్ అకాడమీ ఉంది. పైలట్ల ఓవరాల్ వదులుగా ఉంటుంది, జేబులు తొడల మీద ఉంటాయి. బెల్టు కట్టుకుని కూర్చున్నవాడి చెయ్యి నడుము జేబులోకి దూరదు మరి. పాస్‌పోర్టు కోసం సీట్లో మెలికలు తిరిగే మనవాళ్లు ఆ ఒక్క జేబును అరువు తెచ్చుకున్నా చాలు.

చెప్పుల దగ్గర వాదన కాస్త చిక్కు. 2017 ఏప్రిల్ 27న ఉడాన్ పథకం కింద సిమ్లా-ఢిల్లీతో పాటు కడప-హైదరాబాద్, నాందేడ్-హైదరాబాద్ విమానాలూ మొదలయ్యాయి. హవాయి చెప్పుల మనిషి విమానం ఎక్కాలన్న ప్రధాని మాట అప్పట్లో బాగా తిరిగింది. ఆ మాట న్యాయమైనదే. హవాయి చెప్పులు చూసి మొహం చిట్లించేవాళ్లకు విమానమేమీ తాతగారి ఆస్తి కాదు. నా అభ్యంతరమల్లా ఆ చెప్పుకు వెనక పట్టీ లేదనే. సగం ద్వారాలతోనే 90 సెకన్లలో అందరూ దిగిపోగలగాలన్నది విమానానికి అనుమతి ఇచ్చే ముందు పెట్టే పరీక్ష. 2024 జనవరి 2న టోక్యో హనేడాలో మంటలంటుకున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. అలాంటి వేళ హవాయి చెప్పు కాలి నుంచి ఊడిపోతుంది, హైహీల్ జనం కిందికి జారి దిగే పట్టాను చీల్చేయగలదు. పాలిస్టర్ వేడికి కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు కాలుతుంది గానీ కరగదు. నాలుగు నెలలు తొడిగి మెత్తబడిన, మడమను పట్టుకునే చెప్పులే మేలు.

ఇక బిగుతు జీన్స్‌కు అవతలి కొస పైజామా. 2025 నవంబరులో అమెరికా రవాణా మంత్రి షాన్ డఫీ విమానాల్లో మర్యాద తిరిగి రావాలంటూ ప్రచారం మొదలుపెట్టి, పైజామాలు, స్లిప్పర్లు వద్దన్నారు. కాళ్లు చాపే చోటు ఇవ్వకుండా ప్రయాణికుడి బట్టల్లో మర్యాద వెతకడం నాకు విడ్డూరంగానే తోస్తుంది. అయినా నైట్ ప్యాంటును వెనకేసుకు రాలేను. దిగగానే ఇమిగ్రేషన్ క్యూలో నిలబడాలి, బయట ఎవరో ఎదురుచూస్తుంటారు, పడుకుని లేచిన బట్టల్లో మనిషి తనకు తానే చిన్నబోతాడు. సోకుకు బిగుతు అక్కర్లేదని మన మగ్గాలు ఎప్పుడో తేల్చాయి. శామీర్‌పేట నుంచి తూర్పు చుట్టు పట్టి, పెద్ద అంబర్‌పేటలో విజయవాడ రోడ్డుకు మళ్లితే పోచంపల్లి ఎంతో దూరం కాదు. అక్కడి ఇక్కత్‌లో నేతకు ముందే నూలుకు రంగు అద్దుతారు కాబట్టి డిజైన్ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. ముడత పడినా, కూర చుక్క పడినా ఆ చెదురులో కలిసిపోతుంది. వదులైన ఇక్కత్ కుర్తా, సాగే నడుముపట్టీ ఉన్న నూలు ప్యాంటు వేసుకున్న మనిషి ఇరవై గంటల తరువాత కూడా చూడముచ్చటగానే ఉంటాడు.

కూతురి పురిటికి అమెరికా వెళ్లే తల్లులది వేరే కథ. చీర కట్టుకుంటే ఇబ్బంది పడతావంటూ పిల్లలు ఫోన్లోనే పోరి పంజాబీ డ్రెస్, స్పోర్ట్స్ షూ కొనిపిస్తారు. నలభై ఏళ్లు చీరలో మెలిగిన మనిషికి కొత్త డ్రెస్సే ఇరుకు. వాచిన ఒంటికి చీరలా సర్దుకునే బట్ట ఇంకొకటి లేదు. చిక్కల్లా లంగా బొందు దగ్గర, విమానం బాత్రూంలో తడిసే కుచ్చిళ్ల దగ్గర. ఎయిర్ ఇండియా 2023 డిసెంబరులో మనీష్ మల్హోత్రా రూపొందించిన కొత్త యూనిఫాం చూపించినప్పుడు చీర మానలేదు. ప్యాంటు మీద కూడా వేసుకోగలిగే రెడీమేడ్ చీర తెచ్చింది. అమ్మకు పట్టుచీర వద్దనండి, చీరే వద్దనకండి. ఎలాస్టిక్ లంగా, చీలమండ పైకి కట్టిన మంగళగిరి నూలు చీర, భుజాన ఓ శాలువా ఉంటే ఆమె మనకంటే హాయిగా వెళ్తుంది.

పెట్టె 23 కిలోలు దాటకూడదని జనవరిలో షికాగో పోయే పిల్లలు మందపు కోటు ఒంటిమీదే వేసుకుని శంషాబాద్‌లో చెమటలు కక్కుతుంటారు. కోటు తీసుకెళ్లడం తెలివే, కాకపోతే చేతి మీద వేసుకోవాలి. విమానంలో అదే దుప్పటి. పెద్దవాళ్ల అభ్యంతరం ఇంకొకటుంది, శుభమా అని పోతూ పాత బట్టలేమిటని. పసుపు పెట్టిన కొత్త బట్టలు పొద్దున్నే కట్టించండి, గుడికి తీసుకెళ్లండి, ఫొటో మాత్రం ఇంటి గుమ్మం ముందే తీయండి. విమానాశ్రయం లైట్ల కంటే అక్కడే వెలుతురు బాగుంటుంది. ఆ తరువాత రెండుసార్లు ఉతికిన బట్టలు వేయించి ఔటర్ ఎక్కించండి.