అతిథిగా సరే, కోడలిగానా?

ముక్తినాథ్ వెళ్తున్నామని ఇంట్లో చెప్పాం. అబద్ధమేమీ కాదు, వెళ్లాం కూడా. నూట ఎనిమిది ధారల కింద తలలు తడుపుకుని గజగజా వణికిపోయాం. కానీ అసలు సంగతి వేరు. పద్నాలుగేళ్లుగా కలిసి బతుకుతున్న ఇద్దరు ఆడవాళ్లం మేం. భయం లేకుండా చెయ్యి పట్టుకుని నడిచే ఊరు ఎలా ఉంటుందో చూద్దామని 2024 దసరా సెలవుల్లో నేపాల్ బయల్దేరాం. ఆ దేశం గే టూరిస్టులకు స్వర్గమని చెప్పే రంగుల కరపత్రం ఒకటి మా సంచీలో ఉంది. దానిమీద ఇద్దరు తెల్ల మగవాళ్లు, వెనక మంచుకొండ.

ఖాట్మండులో థమెల్ వీధిలో లాడ్జి కుర్రాడు ఏమీ అడక్కుండా ఒకే మంచం ఉన్న గది ఇచ్చేశాడు. "అక్కాచెల్లెళ్లా దీదీ?" అన్నాడు నవ్వుతూ. నా స్నేహితురాలు అవునని తలూపింది. దీన్ని ఆదరణ అనుకోవాలా? ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఏదైనా ఉండొచ్చన్న ఊహే ఎవరికీ రాకపోవడం వల్ల దొరికే సౌకర్యం ఇది. ఈపాటి సౌకర్యం మాకు విజయవాడలోనూ ఉంది. అక్కడ ఒంటరిగా వచ్చిన ఆడదాన్ని నిలదీస్తారు గానీ ఇద్దర్ని కాదు.

నేపాల్‌ని తక్కువ చెయ్యడం నా ఉద్దేశం కాదు. లైంగిక అల్పసంఖ్యాకులకు సమాన హక్కులివ్వాలని అక్కడి సుప్రీంకోర్టు 2007 డిసెంబర్‌లోనే చెప్పింది. మన 377 కోరలు పీకడానికి 2018 దాకా పట్టింది. ఆ పిటిషన్ వేసిన నాలుగు సంఘాల్లో లెస్బియన్ల కోసం పనిచేసే మితినీ నేపాల్ ఒకటి. వాళ్లతో కలిసి పోరాడిన సునీల్ బాబు పంత్ 2008లో రాజ్యాంగ సభ సభ్యుడయ్యాడు. తర్వాత ఆయనే గే యాత్రికుల కోసం ట్రావెల్ కంపెనీ పెట్టి, ఎవరెస్టు దగ్గర పెళ్లిళ్లు చేయిస్తామన్నాడు. 2024 ఏప్రిల్‌లో ఖాట్మండులో రెయిన్‌బో టూరిజం మీద అంతర్జాతీయ సదస్సే జరిగింది. డాలర్లు వస్తాయంటే ప్రభుత్వాలు మెత్తబడతాయని వాళ్ల లెక్క. మగవాళ్లుగా పుట్టి ఆడవాళ్లుగా బతికే మేతీలను 2004 ఆగస్టులో ఒక్క రాత్రే 39 మందిని పట్టుకెళ్లి రోజుల తరబడి లోపల పెట్టిన ఊరది. అలాంటి చోట ఆ లెక్క ఎందుకు వేసుకున్నారో నాకు అర్థమవుతుంది. కానీ ఆ మెత్తబడటం ఎవరి కోసం?

అమెరికాలో ఒక అమెరికన్ స్త్రీని పెళ్లి చేసుకున్న నేపాలీ స్త్రీ, ఆమెను తన దేశానికి తెచ్చుకుని కలిసి ఉండాలనుకుంది. టూరిస్టు వీసాకి ఇబ్బంది లేదు. జీవిత భాగస్వామిగా వీసా అడిగేసరికి ఇమ్మిగ్రేషన్ వాళ్లు కుదరదన్నారు. ఇవ్వమని చెప్పించుకోవడానికి 2017లో సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. అతిథిగా వస్తే పూలదండ, కోడలిగా వస్తే కోర్టు మెట్లు! అదే ఏడాది చేసిన సివిల్ కోడ్‌లో పెళ్లంటే ఒక పురుషుడూ ఒక స్త్రీ అనే రాసుకున్నారు. 2023 జూన్‌లో కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇస్తే, నవంబర్‌లో లంజుంగ్ జిల్లాలో మొదటి పెళ్లి రిజిస్టరైంది. అదీ తాత్కాలికమన్న ముద్రతోనే. (మన సుప్రీంకోర్టు అదే ఏడాది అక్టోబర్‌లో ఆపాటి తాత్కాలికం కూడా ఇవ్వకుండా పార్లమెంటు వైపు చెయ్యి చూపించింది. కాబట్టి మనం మరీ విర్రవీగక్కర్లేదు.)

ఇక సొంత కూతుళ్ల సంగతి. లైంగిక అల్పసంఖ్యాకుల పేరెత్తినందుకు అందరూ మెచ్చుకునే 2015 రాజ్యాంగంలోనే, విదేశీ స్త్రీని చేసుకున్న నేపాలీ మగవాడి భార్యకు పౌరసత్వానికి దారి ఉంది. విదేశీయుణ్ణి చేసుకున్న నేపాలీ స్త్రీ భర్తకు లేదు. ముప్ఫై ఏళ్లలోపు ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ వెళ్లకూడదని 2012లో నిషేధం పెట్టారు. 2021 ఫిబ్రవరిలోనైతే, నలభై లోపు స్త్రీ మొదటిసారి ఒంటరిగా గల్ఫ్‌కో ఆఫ్రికాకో వెళ్లాలంటే ఇంట్లోవాళ్ల సమ్మతి, వార్డు ఆఫీసు ఉత్తరం తేవాలన్నారు. ఆడవాళ్లు ఖాట్మండు వీధుల్లోకి వచ్చి నిలదీస్తే, అది ఉత్త ప్రతిపాదనే అని నసిగారు. కడప, కోనసీమల నుంచి గల్ఫ్ వెళ్లిన మన ఆడవాళ్లను తల్చుకోండి. ఈ "రక్షణ" ఎలా ఉంటుందో వాళ్లూ చెబుతారు. దారి మూస్తే ప్రయాణం ఆగదు, దొంగదారి పడుతుంది. ఏజెంటు రేటు పెరుగుతుంది.

తిరుగు ప్రయాణంలో ఎయిర్‌పోర్టులో మా ఓటరు కార్డులు చూసి ఒక్క నిమిషంలో పంపించేశారు. పక్క వరసలో ఇరవై రెండేళ్లుంటాయేమో, ఒక పిల్ల ప్లాస్టిక్ ఫైలు గుండెకి హత్తుకుని కాగితం తర్వాత కాగితం చూపిస్తోంది. ఆఫీసరు అడుగుతూనే ఉన్నాడు. ఆ పిల్ల ఎవరిని ప్రేమిస్తుందో నాకు తెలియదు. కానీ మాలాంటిదే అయితే, ఆ కరపత్రం ఆమెకి ఏమిస్తుంది? మహా అయితే మాలాంటి వాళ్లు దిగే గదిలో దుప్పట్లు మార్చే పని.

ఈ మాట అంటే ఇక్కడి మిత్రుడొకడు, గే హక్కుల కార్యకర్తే, విసుక్కున్నాడు. "అన్నీ ఒకేసారి రావు కదా, ముందు వచ్చినదాన్ని రానివ్వు" అన్నాడు. ముందు వచ్చేది ఎప్పుడూ డబ్బున్న మగవాళ్ల వాటాయే ఎందుకవుతుందని అడిగితే ఫోన్ పెట్టేశాడు.

మేం మళ్లీ వెళ్తాం. ఈసారి కరపత్రం తీసుకెళ్లం. మితినీ వాళ్లను కలిసి మాట్లాడాలని ఉంది. ఇంట్లో మాత్రం మళ్లీ ముక్తినాథ్ అనే చెప్పాలి.