ముందు వరుస ఎవరిది?



మా ఊరి బస్సు విజయవాడ రోడ్డు మీద రామోజీ ఫిల్మ్ సిటీ, హయత్‌నగర్ దాటి ఎల్బీనగర్‌లో దింపుతుంది. అక్కడ మెట్రో ఎక్కితే మూడో స్టేషను దిల్‌సుఖ్‌నగర్. మా సంఘపు బిడ్డలు కొందరు అక్కడి హాస్టళ్ళలో ఉండి గ్రూప్స్‌కో బ్యాంకు పరీక్షలకో కోచింగ్ తీసుకుంటున్నారు. వీలైనప్పుడల్లా వెళ్ళి, వాళ్ళతో కూర్చుని ప్రార్థన చేసి రావడం మా అలవాటు.

ఈమధ్య ఒక తల్లి మా ఇంటికి వచ్చి ఏడ్చింది. పత్తి ఏరి, చిట్టీ ఎత్తి పంపిన హాస్టల్ ఫీజును కొడుకు కట్టలేదట. ఆ డబ్బుతో ఒక పెద్ద సంగీత కచేరీకి టికెట్ కొన్నాడట. ఏ కచేరీ అన్నది ఇక్కడ అనవసరం. మేము ఆ వారమే బయలుదేరి వెళ్ళాం. గట్టిగా మందలించాలనే వెళ్ళాం.

మందలించాం కూడా. తల వంచుకుని అంతా విన్నాడు. చివరికి ఒక్క మాట అన్నాడు: "తప్పే అయ్యగారూ. గానీ పాట వినాలన్న ఆశ పైసలున్నోళ్ళకే ఉండాల్నా?"

ఆ ప్రశ్న బస్సులో మా వెంటే వచ్చింది. అందుకే ఇది రాస్తున్నాం.

ప్రియులారా, మేము సంగీతానికి విరోధులం కాము. 2025 ఫిబ్రవరి 2 ఆదివారం నాడు ఇంగ్లండు గాయకుడు ఎడ్ షీరన్ అదే ఫిల్మ్ సిటీలో పాడాడు. వేలాదిమంది వెళ్ళారు. వెళ్ళినవాళ్ళందరూ పాపులని మేము అనం. పాటగాడికి కూలి ఇవ్వకూడదని కూడా అనం. నెహెమ్యా 12:47 చూడండి. మందిరంలో పాడేవారికి ఏ రోజు భాగం ఆ రోజు ప్రజలు ఇచ్చేవారు. పాడేవాడు పస్తుండాలని దేవుడు ఎన్నడూ కోరలేదు. అయితే అక్కడ పోషణ భారం జనమందరిదీ, పాట కూడా జనమందరిదీ. డబ్బు లేనివాడిని గుమ్మం దగ్గర ఆపే పద్ధతి కాదది.

ఇప్పుడు జరుగుతున్నది వేరు. 2024 సెప్టెంబరులో కోల్డ్‌ప్లే బృందం ముంబయి కచేరీలకు టికెట్లు అమ్మినప్పుడు ధర 2,500 రూపాయల నుండి 35,000 వరకు ఉంది. అవి చూస్తుండగానే అయిపోయాయి. తర్వాత అవే టికెట్లను వేరేచోట్ల లక్షల్లో అమ్మకానికి పెట్టారు. చివరికి టికెట్లు అమ్మిన బుక్‌మైషో సంస్థే పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వచ్చింది. పాట పాడినవాడికి ఆ పై లక్షల్లో పైసా రాదు. విన్నవాడికి అదనంగా ఒక్క పాటా రాదు. మధ్యలో నిలబడినవాడు మాత్రం కోసుకుంటాడు. దీన్ని వ్యాపారం అనడానికి మాకు నోరు రావడం లేదు.

మన చట్టం కూడా ఒక గీత గీసింది. కచేరీ టికెట్ 500 రూపాయల లోపు ఉంటే జీఎస్టీ లేదు. దాటితే 18 శాతం. అంటే సామాన్యుడి వినోదం 500 దగ్గర ఆగుతుందని సర్కారుకు తెలుసు. 4,000 టికెట్ మీద పన్నే 720. ఆ పైన బుకింగ్ చార్జీ. ఆ పైన రానుపోను ఖర్చు. పొద్దున్నే ఎల్బీనగర్‌లో కూలి కోసం ఎదురుచూస్తూ నిలబడే మనిషి ఎన్ని రోజులు పని చేస్తే ఒక సాయంత్రం పాట వినగలడో మీరే లెక్క వేయండి.

"ఇష్టమున్నవాడు కొంటాడు, లేనివాడు మానేస్తాడు, ఎవరూ బలవంతం చేయలేదు కదా" అంటారు. బంగారం విషయంలో ఈ మాట ఒప్పుకుంటాం. పాట విషయంలో ఒప్పుకోం. మన పల్లెల్లో ఒగ్గు కథ, బుర్రకథ, యక్షగానం ఎలా బతికాయి? ఊరంతా కూర్చుని వినేది. ఉన్నవాడు ఎక్కువ ఇచ్చేవాడు, లేనివాడు సోలెడు గింజలు పోసేవాడు. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు చదువు రాని మన తాతముత్తాతల నోళ్ళలో నిలిచాయంటే, వాటిని వినడానికి ఎవరూ రుసుము అడగకపోవడం వల్లనే కదా!

"వేదికకూ దీపాలకూ కోట్లు అవుతాయి" అంటారు. అవుతాయి. అంత ఆర్భాటం కావాలని అడిగింది ఎవరు? అమెరికాలో పెర్ల్ జామ్ అనే బృందం 1994లోనే టికెట్‌మాస్టర్ సంస్థ చార్జీల మీద ప్రభుత్వ న్యాయశాఖకు ఫిర్యాదు చేసింది. తమ అభిమానులు సామాన్యులని, ధర తక్కువ ఉండాలని పాడేవాళ్ళే పోరాడారు. అప్పుడు ఫలితం రాలేదు. 30 ఏళ్ళ తర్వాత, 2024 మేలో, అదే న్యాయశాఖ ఆ సంస్థ మీదా దాని మాతృసంస్థ మీదా కోర్టుకు వెళ్ళింది. కాబట్టి ఇది పల్లెటూరి పాస్టరు చాదస్తం మాత్రమే కాదు.

యేసు ప్రభువు దేవాలయంలో ఎవరి పీటలు పడదోశాడు? రూకలు మార్చేవారివి, గువ్వలమ్మేవారివి. గువ్వ ఎవరి అర్పణ? గొర్రెపిల్ల కొనలేని బీదవాడి అర్పణ అని లేవీయకాండము 12:8 చెబుతుంది. మరియ యోసేపులు తెచ్చిందీ అదే. బీదవాడి చివరి దారి మీద కూడా లాభం చూసుకునే చోట ప్రభువు ఊరుకోలేదు.

ఇక్కడితో ముగిస్తే మాకు సుఖంగా ఉండేది. కానీ ఆ బిడ్డ ఇంకో మాట కూడా అన్నాడు: "మన సువార్త సభల్ల సుత ముందటి సోఫాలు పెద్ద కానుక ఇచ్చినోళ్ళకే కదా అయ్యగారూ? మా అమ్మ ఎప్పుడూ ఎనకనే కూసుంటది." మేము జవాబు చెప్పలేకపోయాం. బంగారు ఉంగరం పెట్టుకున్నవాడికి మంచి చోటు చూపి, బీదవాడిని నిలబెట్టే సంఘాన్ని యాకోబు (2:2-4) గద్దించాడు. వీఐపీ వరుస కచేరీవాళ్ళు కనిపెట్టింది కాదు. మన పందిట్లోనూ ఉంది. స్తుతి ఆరాధనకు పాసులు అమ్మాలనే ఆలోచన మన మధ్యకూ వస్తోంది.

అందుచేత మూడు మాటలు. కచేరీలకు అనుమతి ఇచ్చే పెద్దలారా, ప్రతి కచేరీలో కొన్ని సీట్లు 500 లోపు ఉంచాలని షరతు పెట్టండి. చార్జీలన్నీ కలిపిన ధర మొదటే చెప్పించండి. కొన్న ధర కంటే ఎక్కువకు మళ్ళీ అమ్మడం ఆపించండి. యవ్వనస్థులారా, తల్లి చెమటతోనో లోన్ యాప్ అప్పుతోనో పాట కొనకండి; కచేరీ రెండు గంటల్లో ముగుస్తుంది, అప్పు ముగియదు. తోటి సేవకులారా, ముందు మన సోఫాలు తీసేద్దాం.

మా సంఘంలో వచ్చే సభకు ముందు వరుసలో చాపలు వేస్తున్నాం. పత్తి చేను నుండి నేరుగా వచ్చే అక్కలు, అమ్మలు అక్కడ కూర్చుంటారు. ఆ తల్లి కూడా.

ప్రభువు కృప మీకు తోడైయుండును గాక. ఆమేన్.